మిషెల్ మూటన్ గెలిచిందా, ఆడి క్వాట్రో గెలిచిందా? 1982 సీజన్‌పై ఒక వివరమైన సమాధానం

మీ ప్రశ్నలో మూడు భాగాలున్నాయి. ఫ్రాన్స్‌కు చెందిన కార్ల ర్యాలీ డ్రైవర్ మిషెల్ మూటన్ సాధించిన విజయాలు ఆమె ప్రతిభవా, లేక ఫోర్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే ఏర్పాటు) ఉన్న ఆడి క్వాట్రో కారువా అన్నది మొదటిది. కారు అంత గొప్పదైతే 1982లో ప్రపంచ టైటిల్ ఆమె చేతికి ఎందుకు రాలేదన్నది రెండవది. ఆమె తరువాత మరో మహిళ ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో డ్రైవర్‌గా ఎందుకు గెలవలేదన్నది మూడవది. నేను కొన్నేళ్లపాటు ర్యాలీ కార్లలో నావిగేటర్‌గా, అంటే డ్రైవర్ పక్కన ముందున్న మలుపుల నోట్స్ చదివి వినిపించేవాడిగా, కూర్చున్నవాడిని కనుక, ఒక డ్రైవర్‌ను అంచనా వేసేటప్పుడు గెలుపుల జాబితా కన్నా ముందు ఎన్ని ర్యాలీలు పూర్తయ్యాయో, ఎక్కడ ఎందుకు ఆగిపోయాయో చూడటం అలవాటు. ఈ సమాధానం కూడా ఆ పద్ధతిలోనే సాగుతుంది.

మూటన్ 1951 జూన్ 23న దక్షిణ ఫ్రాన్స్‌లోని గ్రాస్‌లో జన్మించింది. అత్తరు పరిశ్రమకు పేరుపడిన ఆ ఊరి చుట్టూ గులాబీ, మల్లె తోటలుంటాయి; ఆమె తల్లిదండ్రులు కూడా ఆ పూలనే సాగు చేసేవారు. ర్యాలీ లోకంలోకి ఆమె డ్రైవర్‌గా రాలేదు, నావిగేటర్‌గా వచ్చింది. ఒక మిత్రుడి పక్కన కూర్చుని, ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ చరిత్రలోనే మొట్టమొదటి పోటీ అయిన 1973 మోంటే కార్లో ర్యాలీలో పాల్గొంది. అప్పుడు తండ్రి పియెర్ కలుగజేసుకుని, ర్యాలీలే కావాలనుకుంటే పక్క సీటులో కాక స్టీరింగ్ ముందు కూర్చోమని చెప్పి, ఆల్పీన్ ఎ110 కారు కొనిచ్చి, నిరూపించుకోవడానికి ఒక ఏడాది గడువు పెట్టాడు. ఈ తండ్రి ప్రస్తావన 1982 కథలో మళ్లీ వస్తుంది కనుక గుర్తుంచుకోండి.

"కారు వల్లే" అన్న మాట క్వాట్రోతో పుట్టిందని చాలామంది అనుకుంటారు గానీ, అది అంతకన్నా పాతది. ఆల్పీన్‌తో ఆమె మంచి సమయాలు నమోదు చేయడం మొదలుపెట్టగానే, ఆ కారులో ప్రత్యేకమైన ఇంజన్ ఏదో ఉందన్న పుకార్లు పుట్టాయి. తనిఖీలో కారు నిబంధనల ప్రకారమే ఉందని తేలింది. 1975లో లె మాన్స్ 24 గంటల రేసులో క్రిస్టీన్ డాక్రెమాన్, మరియాన్ హోఫ్నర్‌లతో కలిసి మొయినే కారు నడిపి రెండు లీటర్ల తరగతిలో గెలిచింది. తరువాత ఫియట్ ఫ్రాన్స్ జట్టులో చేరి, 1978లో ఫియట్ 131 అబార్త్‌తో టూర్ ద ఫ్రాన్స్ ఆటోమొబిల్ అనే కార్ల పోటీ గెలుచుకుంది. బరువైన ఆ ఫియట్ ఆమెకు పెద్దగా నచ్చిన కారేమీ కాదు, అయినా కోర్సికా ర్యాలీలో దానితో ఐదో స్థానం దాకా వచ్చింది. అంటే 1980లో ఆడి నుంచి పిలుపు వచ్చేనాటికి ఆమె మూడు రకాల వెనుక చక్రాల డ్రైవ్ కార్లలో ఫలితాలు చూపించిన వృత్తి డ్రైవర్. ప్రచారం కోసం తెచ్చిపెట్టుకున్న మహిళ అని ఆనాటి కొన్ని పత్రికలు రాసిన మాట ఈ ఒక్క పేరాతోనే నిలబడదు. ప్రచారం ఆడికి అక్కర్లేదని నేననను, కానీ ప్రచారం మాత్రమే కావలసివస్తే ఇంతకన్నా చవకైన మార్గాలుండేవి.

ఇక కారు సంగతి. ఫోర్ వీల్ డ్రైవ్ కార్లు ర్యాలీల్లో పాల్గొనడానికి అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య 1979లో అనుమతి ఇచ్చింది. అప్పటికే ఆడిలో ఫెర్డినాండ్ పియెష్ పర్యవేక్షణలో క్వాట్రో సిద్ధమవుతోంది. ఫిన్లాండ్ మంచులో పరీక్షలు జరుగుతున్నప్పుడు ఇల్టిస్ అనే సైనిక వాహనం తమ శక్తిమంతమైన కార్లను వెనక్కి నెట్టడం గమనించి, ఇంజనీరు యోర్గ్ బెన్సింగర్ ఈ ఆలోచన ముందుకు తెచ్చాడు. 1980 మార్చిలో జెనీవా ప్రదర్శనలో కారును ఆవిష్కరించారు. 2,144 సీసీ ఐదు సిలిండర్ల టర్బో ఇంజన్, 300 హార్స్‌పవర్‌కు పైబడిన శక్తి, నాలుగు చక్రాలకూ డ్రైవ్ అంటే కాగితం మీద దానికి పోటీయే లేదు. మంచు మీదా, కంకర రోడ్ల మీదా, మలుపు నుంచి బయటకు వచ్చే క్షణాన మిగతా కార్లు చక్రాలు తిప్పుకుంటూ ఉండగా ఇది నేలను పట్టుకుని ముందుకు దూకేది. ఈ లాభాన్ని తక్కువ చేసి చెప్పడం నిజాయితీ కాదు.

అయితే కారులో ఇంజన్ మొత్తం ముందు ఇరుసుకు కూడా ముందుకే వేలాడుతూ ఉండేది. ఆ బరువు వల్ల మలుపులోకి వెళ్లేటప్పుడు ముక్కు తిరగనని మొరాయించేది, స్టీరింగ్ తిప్పినా కారు నేరుగా పోయేది. డ్రైవర్ మలుపు రాకముందే బ్రేకుతో కారును అడ్డం తిప్పి, యాక్సిలరేటర్ ముందుగానే తొక్కి ఉంచాలి. ఎందుకంటే ఆ కాలపు టర్బో, పెడల్ తొక్కిన వెంటనే కాక కొంత ఆలస్యంగా, ఒక్కసారిగా శక్తినిచ్చేది. ఆ ఆలస్యాన్ని లెక్కగట్టి, ఇంకా కనిపించని మలుపు చివర కోసం ఇప్పుడే తొక్కాలి. తారు రోడ్ల మీద ఈ కష్టం రెట్టింపయ్యేది, అందుకే కోర్సికాలో ఆ తొలి సంవత్సరాల్లో క్వాట్రో ఎప్పుడూ భయపెట్టలేకపోయింది. ఈ కారు ఎవరు నడిపినా గెలుస్తుందన్నవారు దీన్ని ఇరుకు రోడ్డు మీద ఊహించుకుని చూడాలి. 1982లో ఆమె ప్రధాన ప్రత్యర్థి అయిన పశ్చిమ జర్మన్ వాల్టర్ రోర్ల్ 1984లో ఆడిలో చేరి, మోంటే కార్లో గెలిచి కూడా, ఆ ఏడాది మరో ప్రపంచ ర్యాలీ గెలవలేకపోయాడు. రోర్ల్ అప్పటికే రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్ అన్నది మరువకూడదు.

1981 సీజన్‌ను క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. జట్టులో మొదటి డ్రైవర్ ఫిన్లాండ్‌కు చెందిన హన్ను మిక్కొలా. మోంటే కార్లోలో ఇంధనంలో మలినాలు చేరి మూటన్ కారు మొదట్లోనే ఆగింది. పోర్చుగల్ నుంచి ఆమెకు ఇటలీకి చెందిన ఫాబ్రిజియా పోన్స్ నావిగేటర్‌గా వచ్చింది. పోన్స్ స్వయంగా డ్రైవర్‌గా పోటీ చేసిన వ్యక్తి కావడంతో, నోట్స్ ఏ క్షణాన చదవాలో ఆమెకు తెలుసు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, పైన చెప్పిన టర్బో ఆలస్యం ఉన్న కారులో నోట్ అర సెకను ముందు వినిపించడమే మలుపును నిర్ణయిస్తుంది. ఆ అక్టోబరులో, మట్టీ తారూ కలిసిన ఇటలీ సాన్‌రెమో ర్యాలీలో మూటన్ చివరి అంచెకు ముందు ఆధిక్యంలో ఉంది. వెనుక కేవలం అర నిమిషం దూరంలో ఉన్నది ఆ ఏడాది ఛాంపియన్ కాబోతున్న అరి వతానెన్. ఆమెను అందుకునే ప్రయత్నంలో అతడు రాయిని ఢీకొట్టి వెనకబడ్డాడు. ఆమె హెన్రీ తోయివొనెన్‌కు ముందు నిలిచి గెలిచింది. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఒక మహిళ గెలిచిన తొలి పోటీ అదే.

ఇక అసలు విషయమైన 1982. ఆ ఏడాది క్యాలెండర్‌లో 12 ర్యాలీలున్నాయి. విజేతకు 20, తరువాతి స్థానాలకు వరుసగా 15, 12, 10, 8, 6, 4 పాయింట్లు ఇచ్చేవారు. ఒక డ్రైవర్ ఎన్ని ర్యాలీలు పూర్తి చేసినా అత్యుత్తమమైన ఏడు ఫలితాలనే లెక్కలోకి తీసుకునేవారు. మీ రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ నిబంధనలోనే ఉంది, కానీ చాలా కథనాలు దీన్ని వదిలేసి నేరుగా సీజన్ చివర్లో జరిగిన ఐవరీ కోస్ట్ ర్యాలీకి దూకుతాయి.

మోంటే కార్లోలో ఆమె కారు ఒక ఇంటి గోడను ఢీకొట్టింది; రోర్ల్ గెలిచాడు. స్వీడన్‌లో మంచు గట్టులో చిక్కుకున్న మిక్కొలా కారునే వెళ్లి తగిలి, కోలుకుని ఐదో స్థానంలో ముగించింది. పోర్చుగల్‌లో అసలు ఆమె ముందు ఎవరూ నిలవలేదు: మిక్కొలా, రోర్ల్ ఇద్దరూ తప్పుకోగా, రెండో స్థానంలోని పెర్ ఎక్లుండ్‌పై తేడా దాదాపు 13 నిమిషాలు. కెన్యాలోని సఫారీ ర్యాలీకి ఆడి వెళ్లలేదు, రోర్ల్ వెళ్లి రెండో స్థానం తెచ్చుకున్నాడు. కోర్సికా తారు మీద ఆమెకు ఏడో స్థానం. గ్రీస్‌లోని అక్రోపోలిస్‌లో, రాళ్లతో కార్లను విరగ్గొట్టే ఆ రోడ్ల మీద, రోర్ల్‌ను 13 నిమిషాలకు పైగా వెనక్కి నెట్టి గెలిచింది. న్యూజిలాండ్‌లో ఆయిల్ పైపు పాడై కారు ఆగింది. బ్రెజిల్‌లో మళ్లీ గెలుపు, మళ్లీ రోర్ల్ రెండో స్థానంలో. ఫిన్లాండ్‌లో ప్రమాదం. సాన్‌రెమోలో నాలుగో స్థానం.

ఇప్పుడు లెక్క చూద్దాం. సాన్‌రెమో ముగిసేసరికి ఆమె ఖాతాలో ఉన్నవి 82 పాయింట్లు: మూడు విజయాలకు 60, స్వీడన్‌కు 8, కోర్సికాకు 4, సాన్‌రెమోకు 10. రోర్ల్ ఎనిమిది ర్యాలీలు పాయింట్లతో ముగించి, అత్యుత్తమ ఏడింటికి 101 మీద ఉన్నాడు. విజయాల్లో ఆమె 3, అతడు 1. అంటే గెలుపుల్లో ముందున్న డ్రైవర్ పట్టికలో 19 పాయింట్లు వెనక ఉంది. రోర్ల్ నడిపిన ఓపెల్ అస్కోనా 400 వెనుక చక్రాల డ్రైవ్ కారు, శక్తిలో క్వాట్రో కన్నా తక్కువ. కానీ ఆ కారు చెడిపోయేది కాదు, రోర్ల్ దాన్ని చెడగొట్టేవాడు కాదు. పోర్చుగల్ తప్ప, వెళ్లిన ప్రతి ర్యాలీనీ నాలుగో స్థానానికి తగ్గకుండా ముగించాడు.

అయినా దారి మూసుకుపోలేదు. ఐవరీ కోస్ట్‌లో ఆమె గెలిచి రోర్ల్ రెండో స్థానంలో ఉంటే 102, 104 అవుతాయి. తరువాత బ్రిటన్‌లోని ఆర్‌ఏసీ ర్యాలీలో ఆమె రెండో స్థానం తెచ్చుకుంటే, కోర్సికా 4 పాయింట్లు పోయి 15 చేరి 113 అవుతుంది. రోర్ల్ ఆ ర్యాలీ గెలిచినా అతడికి 112 మించవు. మీరు ఈ అంకెలను ఊహగా కొట్టిపారేయకండి, ఎందుకంటే నిజంగానే ఆమె ఆర్‌ఏసీలో మిక్కొలా వెనుక రెండో స్థానంలో ముగించింది. కనుక టైటిల్ ఐవరీ కోస్ట్ మీద ఆధారపడిందన్న మాట అతిశయోక్తి కాదు.

ఐవరీ కోస్ట్ ర్యాలీ యూరప్ ర్యాలీల వంటిది కాదు. వేల కిలోమీటర్ల మేర, మామూలు వాహనాలకూ తెరిచి ఉన్న ఎర్రమట్టి రోడ్ల మీద, పల్లెల మధ్య నుంచి, దుమ్ములో, వేడిలో రోజుల తరబడి సాగేది. అక్కడ ఒక్కో స్టేజిలో (సమయం లెక్కగట్టే రోడ్డు భాగంలో) సెకన్ల వేటకన్నా కారును బతికించుకోవడం ముఖ్యం, గంటల్లో తేడాలు రావడం మామూలు. ర్యాలీ మొదలయ్యే ముందే గ్రాస్ నుంచి కబురు వచ్చింది: క్యాన్సర్‌తో బాధపడుతున్న తండ్రి పియెర్ కన్నుమూశాడు. ఆమె తిరిగి వెళ్లిపోవాలనుకుంది. పోటీలో పాల్గొనాలన్నది తండ్రి చివరి కోరిక అని తల్లి చెప్పడంతో బయలుదేరింది. తొలి అంచెల్లో రోర్ల్‌ను ఎంతో వెనక్కి నెట్టి ఆధిక్యంలో నిలిచింది. తరువాత గేర్‌బాక్స్ సమస్య వచ్చింది; దాన్ని మార్చడానికి పట్టిన సమయం ఆధిక్యంలో పెద్ద భాగాన్ని తినేసింది. ఆ తరువాత పొగమంచులో రోడ్డు తప్పి కారు బోల్తాపడింది. దెబ్బతిన్న కారుతో కొంత దూరం లాక్కొచ్చినా ముందుకు పోలేక ఆగిపోయింది. రోర్ల్ గెలిచి 109 పాయింట్లకు చేరాడు, మిగిలిన ఒక్క ర్యాలీతో ఆమె అందుకోలేని దూరమది. చివరి పట్టికలో రోర్ల్ 109, మూటన్ 97, మిక్కొలా 70.

ఈ ఘట్టాన్ని కేవలం దుఃఖగాథగా చెప్పేవారితో నేను ఏకీభవించను. తండ్రి మరణం ఆమెను కుంగదీసి ఉంటుందనడంలో అనుమానం లేదు గానీ, గేర్‌బాక్స్ చెడిపోయింది దుఃఖం వల్ల కాదు. ఆ ఏడాది క్వాట్రోలు రకరకాల లోపాలతో ఆగుతూనే ఉన్నాయి. మిక్కొలా ఖాతాలో పోర్చుగల్, కోర్సికా, అక్రోపోలిస్, న్యూజిలాండ్, బ్రెజిల్ అన్నీ సున్నాలే. కారు వల్లే గెలిచిందని అనేవారు, కారు వల్లే ఓడిందన్న మాటను కూడా అదే నోటితో అనాలి కదా? న్యాయంగా చెప్పాలంటే మోంటే కార్లో, ఫిన్లాండ్ ప్రమాదాలు ఆమె ఖాతాలోవే. న్యూజిలాండ్ నష్టం కారుది. ఐవరీ కోస్ట్ ఇద్దరిదీ. సఫారీకి వెళ్లకూడదన్నది జట్టు నిర్ణయం, రోర్ల్ అక్కడ సంపాదించిన 15 పాయింట్లు అతడి చివరి లెక్కలో నిలిచాయి. టైటిల్‌ను తెచ్చింది వేగం కాదు, ముగింపులు.

మొదటి ప్రశ్నకు సహచరుడు మిక్కొలాతో పోలిక కూడా అవసరం కనుక చెబుతున్నాను. రెండు కార్లూ సజావుగా నడిచిన రోజున మిక్కొలా సాధారణంగా ఆమె కన్నా వేగవంతుడు, ముఖ్యంగా మంచు మీద, ఫిన్లాండ్ అడవి రోడ్ల మీద. 1982 ద్వితీయార్ధంలో ఫిన్లాండ్, ఆర్‌ఏసీ అతడే గెలిచాడు, 1983లో ఛాంపియన్ అయ్యాడు. కానీ కారును విరగకుండా లాక్కురావలసిన అక్రోపోలిస్, బ్రెజిల్ వంటి కఠినమైన పోటీల్లో ఆ ఏడాది మూటన్ చూపిన నేర్పు అతడికన్నా మెరుగు. ఆడికి ఆ సంవత్సరం దక్కిన తయారీదారుల టైటిల్‌లో ఆమె మూడు విజయాల వాటా పెద్దది.

తరువాతి సంవత్సరాలు వేగంగా చెప్పవచ్చు. 1983లో పోర్చుగల్‌లో రెండో స్థానం, సఫారీ, అర్జెంటీనాల్లో మూడో స్థానాలు, మొత్తంమీద ఐదో స్థానం. 1984లో జట్టు స్టిగ్ బ్లోంక్విస్ట్, రోర్ల్‌ల వైపు మొగ్గింది; ఆమెకు కొన్ని ర్యాలీలే దక్కాయి, స్వీడన్‌లో రెండో స్థానం వాటిలో మంచిది. 1985లో అమెరికాలోని పైక్స్ పీక్ కొండ రేసులో, అప్పటికింకా తారు వేయని 20 కిలోమీటర్ల రోడ్డు మీద 156 మలుపులు దాటి, 4,300 మీటర్ల ఎత్తు శిఖరాన్ని 11 నిమిషాల 25.39 సెకన్లలో చేరి రికార్డు నెలకొల్పింది. అంతకుముందు ఏడాది పోన్స్‌తో కలిసి వెళ్లింది, ఈసారి పక్క సీటు ఖాళీ. రోడ్డు మొత్తం జ్ఞాపకం మీద నడిపిందన్నమాట. నావిగేటర్‌గా ఈ ఒక్క విషయం నాకు కొంచెం చేదుగా ఉంటుంది.

1986లో ఆమె ప్యూజో 205 టర్బో 16తో జర్మన్ జాతీయ ర్యాలీ ఛాంపియన్ అయింది. కారు వాదనకు సంబంధించి ఇది నా దృష్టిలో ముఖ్యమైన సాక్ష్యం: వేరే జట్టు, ఇంజన్ మధ్యలో ఉన్న పూర్తిగా వేరే స్వభావపు కారు, ఆమెకు సొంతం కాని రోడ్లు. అదే ఏడాది మే నెలలో కోర్సికాలో హెన్రీ తోయివొనెన్, అతడి నావిగేటర్ సెర్జియో క్రెస్టో ప్రమాదంలో మరణించడంతో ఆనాటి అత్యంత శక్తిమంతమైన తరగతి అయిన గ్రూప్ బి కార్లను మరుసటి ఏడాది నుంచి నిషేధించారు. సీజన్ ముగిశాక మూటన్ వృత్తి ర్యాలీల నుంచి తప్పుకుంది. 1988లో ఫ్రెడ్రిక్ జాన్సన్‌తో కలిసి తోయివొనెన్ స్మారకంగా రేస్ ఆఫ్ ఛాంపియన్స్ ప్రారంభించింది.

మూడో ప్రశ్నకు వస్తే, దీన్ని శరీరబలంతో ముడిపెట్టే జవాబులు చాలా కనిపిస్తాయి. పవర్ స్టీరింగ్ సదుపాయాలు, గేర్లు మార్చే పద్ధతులు మెరుగైన నేటి కార్ల కన్నా క్వాట్రోను లాగడం కష్టం. ఆ కష్టమైన కారుతోనే గెలిచినప్పుడు ఈ వాదన ఎక్కడ నిలుస్తుంది? అసలు తేడా సీటులో ఉంది. మూటన్‌కు విజయం సాధించగల ఫ్యాక్టరీ కారు, అంటే తయారీ కంపెనీ సొంత జట్టు కారు, వరుసగా కొన్ని సీజన్లపాటు, ప్రపంచమంతటా ఉన్న రకరకాల రోడ్ల మీద దక్కింది. ఆడిలో చేరకముందు కొన్నేళ్లు వేరే కార్లలో నేర్చుకోవడానికి తండ్రి డబ్బు, ఫ్రెంచ్ ప్రాయోజకుల మద్దతు దొరికాయి. ఆ తరువాత వచ్చిన మహిళా డ్రైవర్లలో ఎంతమందికి ఫ్యాక్టరీ జట్టులో పూర్తి సీజన్ ఇచ్చారో వెతికితే, గెలుపుల సంఖ్య ఎందుకు శూన్యమో అర్థమవుతుంది. నావిగేటర్ సీటులో మాత్రం గెలుపులు ఆగలేదు: అదే ఫాబ్రిజియా పోన్స్ 1997లో పియెరో లియాత్తితో, ఇసాబెల్ గాల్మిష్ 2022లో సెబాస్టియన్ లోబ్‌తో మోంటే కార్లో గెలిచారు. 2010లో అంతర్జాతీయ సమాఖ్య మహిళల విభాగానికి తొలి అధ్యక్షురాలైన మూటన్ ముందున్న పని కూడా ఇదే, చిన్న వయసులోనే ఎక్కువమంది అమ్మాయిలను పోటీ కార్లలో కూర్చోబెట్టడం. ఆ అమ్మాయిల్లో ఒకరికి అగ్రశ్రేణి ఫ్యాక్టరీ కారు మూడు సీజన్లపాటు ఇచ్చే జట్టు ఇంతవరకు ముందుకు రాలేదు.